పక్క సీటు ఖాళీగా ఎందుకుంది?

(హోసూరు, బెంగళూరు పరిసరాల తెలుగు సంఘాల యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకిచ్చిన అంశం ‘సమాజంలో క్రైస్తవుని సాక్ష్యం’. చాలా పెద్ద అంశం. దీని మీద గంటసేపు మాట్లాడొచ్చు, ఇంటికి వెళ్లాక ఎవరికీ ఒక్క ముక్క గుర్తుండదు. అందుకని నిర్వాహకుల అనుమతి తీసుకుని దీన్ని కొంచెం చిన్నది చేసుకున్నాం. ఈ రోజు మనం బస్సు గురించి మాట్లాడుకుందాం. అవును, బస్సే. మనం రోజూ ఎక్కి దిగే ఎర్ర బస్సు, నీలం బస్సు, పచ్చ బస్సు.

నవ్వకండి. మీలో ఇక్కడికి బస్సులో వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, ముప్పావు వంతు. అత్తిబెలె వైపు నుంచి వచ్చినవాళ్లు, కృష్ణగిరి వైపు నుంచి వచ్చినవాళ్లు, అందరూ అందులోనే. మన జనం బస్సు జనం. చెన్నై ఉత్తర భాగంలో తరతరాలుగా ఉన్న తెలుగు వాడల్లో అడగండి, షోలాపూర్ నేత కుటుంబాల్లో అడగండి, బరంపురంలో అడగండి, యానాం నుంచి కాకినాడకు చదువుకు వెళ్లే పిల్లల్ని అడగండి. మనం మందిరంలో వారానికి రెండు గంటలుంటాం, మహా అయితే మూడు. బస్సులో పది, పన్నెండు గంటలుంటాం. మనల్ని ఎరగని మనుషులు మన ప్రవర్తన చూసేది ఎక్కడో మీరే చెప్పండి.

కర్చీఫు దగ్గర మొదలుపెడదాం. బస్టాండులోకి బస్సు ఇంకా పూర్తిగా రానేలేదు, ఆగనేలేదు. కిటికీలోంచి ఒక కర్చీఫు లోపలికి పడుతుంది. వెనకే ఒక టవలు, ఒక టిఫిన్ బ్యాగు, ఒక న్యూస్ పేపరు. తమిళంలో దీన్ని ‘తుండు పోడ్రదు’ అంటారు. పదవులకు ముందే కర్చీఫు వేసుకునే నాయకుల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఇదే మాట వాడుకుంటున్నామంటే, ఈ అలవాటు మన భాషల్లోకి ఎంత లోతుగా దిగిందో చూడండి.

ఇందులో తప్పేముంది, తెలివైనవాడు వేసుకున్నాడు అంటారు కొందరు. సరే, ఎవరు వేయగలరు? ఎత్తుగా ఉన్నవాడు, చేతులు బలంగా ఉన్నవాడు, కదిలే బస్సు వెంట పరుగెత్తగలిగినవాడు. ఎవరు వేయలేరు? చంకలో బిడ్డ ఉన్న తల్లి, మోకాళ్ల నొప్పుల పెద్దాయన, కర్ర పట్టుకుని నడిచే మనిషి. వాళ్లు పద్ధతిగా తలుపు దగ్గర నిలబడి, అందరూ ఎక్కాక ఎక్కి, ఖాళీ సీటు చూసి కూర్చోబోతే, అక్కడ ఒక కర్చీఫు కూర్చుని ఉంటుంది. దాని యజమాని ఇంకా బయట టీ తాగుతూ ఉంటాడు. సీటు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకు దొరకకుండా చేసే ఏర్పాటు ఇది. పైగా వచ్చి, ‘‘పెద్దమ్మా, లే, అది మాది’’ అంటాడు. గుడ్డకున్న హక్కు మనిషికి లేదన్నమాట.

ఒక్క మాట మాత్రం ఇక్కడే చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. తొక్కిసలాట మనుషుల చెడ్డతనం వల్లనే పుట్టదు. వందమంది ఎదురుచూసే చోటికి గంటకు ఒక బస్సు వస్తే ఎంత మంచివాళ్లయినా మోచేతులు వాడతారు. అదే రూట్లో పది నిమిషాలకొక బస్సు వేయండి, కర్చీఫు వేసేవాడు కనిపించడు. కాబట్టి ప్రయాణికుడి ప్రవర్తన గురించి మాట్లాడేవాళ్లు బస్సుల సంఖ్య గురించి కూడా మాట్లాడాలి. ప్రయాణికుడిని మాత్రమే తిట్టి ఊరుకోవడం కారులో తిరిగేవాళ్లకు సులువు. మనం ఆ పని చేయవద్దు. అయితే, బస్సులు పెరిగే వరకు మన ప్రవర్తనకు సెలవు ఇచ్చేద్దామా? అదీ కుదరదు.

ఇక తలుపు దగ్గరి సంగతి. కండక్టర్ల గొంతు ఏ ఊళ్లో విన్నా ఒకే అరుపు. బెంగళూరులో ‘ముందె హోగి’, చెన్నైలో ‘ఉళ్ళే పోంగ’, ముంబైలో ‘పుఢే చలా’, మన దగ్గర ‘లోపలికి జరగండి’. నాలుగు భాషల్లో అరిచినా జరిగేవాడు లేడు. లోపల నడిమి భాగం ఖాళీగా ఉంటుంది, మెట్ల మీద మాత్రం ద్రాక్ష గుత్తిలాగా జనం.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో కపెర్నహూములో ఒక ఇల్లు ఉంది, జ్ఞాపకముందా? పక్షవాయువు గల మనిషిని నలుగురు మోసుకొస్తారు. తలుపు దగ్గర జనం దారి ఇవ్వరు. ఇంటి కప్పు విప్పి దింపాల్సి వస్తుంది. ఆ నలుగురి విశ్వాసం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. తలుపు దగ్గర నిలబడినవాళ్ల మీద ఒక్క ప్రసంగమైనా విన్నామా? వాళ్లేమీ దుర్మార్గులు కారు. వాక్యం వినడానికి వచ్చినవాళ్లే. వాక్యం వింటూనే, వెనక మంచం మీద ఒక మనిషి ఉన్నాడని తెలిసినా, ఒక్క అడుగు పక్కకు వేయలేదు. భక్తి ఉండి కూడా తలుపుకు అడ్డం నిలబడవచ్చు. మేము బస్సు మెట్ల దగ్గర నిలబడ్డ జనాన్ని చూసినప్పుడల్లా ఈ కథే గుర్తుకొస్తుంది.

మన కుర్రాళ్లకు ఫుట్‌బోర్డు అంటే ఒక సరదా. చెన్నైలో ‘బస్ డే’ పేరుతో కాలేజీ విద్యార్థులు బస్సు పైకెక్కి ఊరేగడం మీరు విన్నారు. 2019 జూన్‌లో అలా ఊరేగుతుంటే డ్రైవరు బ్రేకు వేసేసరికి పైనున్నవాళ్లు గుంపుగా బస్సు ముందు పడ్డారు. ఆ వీడియో చూసి దేశమంతా నవ్వుకుంది. 2012 డిసెంబరులో అదే ఊళ్లో జరిగింది మాత్రం నవ్వుకునేది కాదు. పెరుంగుడి దగ్గర ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న విద్యార్థులను పక్కన లారీ రాసుకుపోయింది. నలుగురు పిల్లలు చనిపోయారు. డ్రైవరుకు ఎడమ వైపు అద్దంలో కనిపించాల్సింది రోడ్డు. మీరు వేలాడితే ఆ అద్దంలో మీ వీపులే కనిపిస్తాయి. అప్పుడు ఎడమ పక్క స్కూటరు మీద వచ్చే మనిషిని అతను ఎలా చూస్తాడు? మీ ప్రాణం సంగతి మీ అమ్మానాన్నలకు వదిలేద్దాం, ఆ స్కూటరు మనిషి ప్రాణం మీద మీకేం హక్కు ఉంది?

శబ్దం గురించి తొందరగా చెప్పి ముందుకు పోతాం, ఎందుకంటే ఇది మీకు తెలిసిందే. 2021 నవంబరులో కర్ణాటక హైకోర్టు మాట మీద ఆర్టీసీ బస్సుల్లో ఫోన్ స్పీకరు పెట్టి పాటలు, వీడియోలు మోగించకూడదని ఉత్తర్వు వచ్చింది. చెప్పినా వినకపోతే దింపేయవచ్చు కూడా. ఉత్తర్వు కాగితం మీద ఉంది, రీల్స్ బస్సులో ఉన్నాయి. ఇందులో మన సంఘాలకు ప్రత్యేకంగా ఒక మాట. మనవాళ్లలో కొందరు ప్రసంగాలు, ఆరాధన పాటలు స్పీకరులో పెట్టి, ‘పదిమందీ వింటారు, సువార్త కదా’ అంటారు. అయ్యా, రాత్రి డ్యూటీ చేసి ఇంటికి పోతూ కళ్లు మూసుకున్న నర్సమ్మకు అది సువార్త కాదు, రొద. ఇంకో మతంవారు తమ పాటలు అలాగే మోగిస్తే మనకు ఎలా ఉంటుందో మనకు తెలుసు. చెవిలో పెట్టుకునే వైరు వంద రూపాయలకు దొరుకుతుంది.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. ఇక్కడ తొందరపడం.

ఆడవాళ్ల సీటులో మగవాడు కూర్చోవడం, వాళ్లు ఎక్కగానే కిటికీ వైపు తిరిగి నిద్ర నటించడం, రెండు కాళ్లు ఇంటి అరుగు మీద చాపినట్లు చాపడం, ఇవన్నీ మనం చూసేవే. రద్దీని అడ్డం పెట్టుకుని చేతులు వేసేవాడి గురించి మాట్లాడాలి. సంఘంలోని చెల్లెళ్లను కూర్చోబెట్టి అడిగితే, కాలేజీకి, ఫ్యాక్టరీకి బస్సులో వెళ్లే అమ్మాయిల్లో ఈ బాధ ఎరగని అమ్మాయి దొరకడం కష్టం. బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్ సిటీ వైపు పనులకు వెళ్లే అమ్మాయిలు బ్యాగును ముందుకు తగిలించుకుని నిలబడేది అందం కోసం కాదు. పిన్నీసు చేతిలో పట్టుకుని ప్రయాణం చేసిన తల్లులు ఈ గదిలోనే ఉన్నారు.

తమిళనాడు ప్రభుత్వం 2022లో తన మోటారు వాహనాల నియమాలను సవరించింది. ఆడవాళ్లను అదేపనిగా చూడటం, ఈల వేయడం, కన్ను గీటడం, సైగలు చేయడం, ఇవన్నీ బస్సులో నిషేధమని స్పష్టంగా రాసింది. అలాంటివాణ్ని కండక్టరు దింపేయవచ్చు, పోలీసులకు అప్పగించవచ్చు. 112కు ఫోన్ చేయవచ్చు, మహిళల సహాయానికి 181 ఉంది. చట్టం ఉంది సరే. బస్సులో యాభై మంది ఉంటే ఆ యాభై మంది ఏం చేస్తారు? ఫోన్ చూసుకుంటారు. అమ్మాయి గట్టిగా అరిస్తే, ‘ఎందుకమ్మా గొడవ, అంత ఇబ్బందైతే ఆటోలో పోవచ్చు కదా’ అంటారు. చేయి వేసినవాడు ఒక్కడే, వాడికి ధైర్యం ఇచ్చినవాళ్లు నలభై తొమ్మిది మంది.

తమ్ముళ్లారా, మీరు వెళ్లి కొట్టమని మేము చెప్పడం లేదు. సినిమా వీరత్వం ఆ అమ్మాయికి ఇంకో తలనొప్పి. చేయవలసింది చిన్న పని. ఇద్దరి మధ్యలోకి వెళ్లి నిలబడండి. ‘‘అక్కా, ఇటు రండి, ఇక్కడ చోటుంది’’ అనండి. కండక్టరును గట్టిగా పిలవండి. అవసరమైతే బస్సును పోలీస్ స్టేషను ముందు ఆపమని అడగండి, ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యమైనా సరే దిగి సాక్ష్యం చెప్పండి. సాక్ష్యం అనే మాటను మనం ఆదివారం ఎంతో వాడుకుంటాం కదా, దానికి పోలీస్ స్టేషనులో కూడా అదే అర్థం. ఇంకో సంగతి, ఆ అమ్మాయిని మాత్రం వీడియో తీయకండి.

ఆడవాళ్ల ప్రయాణం అనగానే ఇప్పుడు ఇంకో మాట వినిపిస్తోంది. ‘ఫ్రీ.’ తమిళనాడులో 2021 మే నుంచి, కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మామూలు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు. ఆ రోజు నుంచి మగవాళ్ల నోట ఒక కొత్త సణుగుడు మొదలైంది. ‘డబ్బు కట్టినవాళ్లం నిలబడాలి, ఓసీలో వచ్చినవాళ్లు కూర్చోవాలి.’ తమిళం తెలిసినవాళ్లకు ఆ ‘ఓసీ’ అనే మాటలో ఎంత చులకన ఉందో తెలుసు. ఒక మంత్రిగారే సభలో ఆ మాట అని తిట్లు తిన్నారు.

ఇది మనవాళ్లు కూడా అంటున్నారు కాబట్టి కొంచెం లెక్క చూద్దాం. కండక్టరు ఆడవాళ్లకు సున్నా టికెట్ ఎందుకు కొడతాడు? ఆ టికెట్ల లెక్కన ప్రభుత్వం బస్సు సంస్థకు డబ్బు కడుతుంది కాబట్టి. అంటే ఆ సీటుకు చార్జీ ఉంది, కడుతున్నది ఖజానా. ఖజానాలోకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ అమ్మ కొనే సబ్బు మీద, చెప్పుల మీద, సెల్ రీచార్జి మీద వేసిన పన్ను కూడా అందులో ఉంది. ఇళ్లలో పనిచేసే ఒక అమ్మ రోజుకు నాలుగు బస్సులు మారుతుందనుకోండి. ఒకప్పుడు చార్జీకి భయపడి దగ్గర్లో తక్కువ కూలికి ఒప్పుకునేది. ఇప్పుడు దూరమైనా మంచి కూలి దొరికే చోటికి పోతోంది. ఆ మనిషిని చూసి ‘ఊరికే తిరుగుతున్నారు’ అనడానికి మనకు నోరెలా వస్తుంది? చెల్లెళ్లకు కూడా ఒక మాట: ఆధార్ చూపించి సున్నా టికెట్ తప్పకుండా తీసుకోండి. ‘ఫ్రీయే కదా’ అని తీసుకోకుండా కూర్చుంటే, తనిఖీవాళ్లు ఎక్కినప్పుడు మాట పడేది కండక్టరు.

ఆ కండక్టరు కూడా కూలి మనిషే. ఐదు రూపాయల చిల్లర దగ్గర అతన్ని బూతులు తిట్టేవాళ్లు, అదే ఐదు రూపాయలు సూపర్ మార్కెట్‌లో చాక్లెట్ ఇస్తే నోరు మెదపరు. బెంగళూరు బస్సులో తెలుగులో అరిచి, చెన్నై బస్సులో తెలుగులో అరిచి, భాష మీద గొడవ తెచ్చుకునేవాళ్లు కూడా ఉన్నారు. వంద, రెండు వందల ఏళ్లుగా మనం ఈ నేల మీద ఉన్నాం. చిల్లర అడగడానికి, దయచేసి ఆపండి అనడానికి సరిపడా కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా మన నోట్లో ఉండాలి. ఉంది కూడా, కోపం వచ్చినప్పుడే ఎందుకో మరిచిపోతాం.

కిటికీలోంచి బయట పడేవాటి గురించి ఇప్పుడు అడుగుతాం. అరటి తొక్క, చిప్స్ పొట్లం, నీళ్ల సీసా, గుట్కా ఉమ్మి. అవన్నీ ఎక్కడికి పోతాయి? రోడ్డు మీదికి. రోడ్డు మీది నుంచి? తెల్లవారకముందే చీపురు పట్టుకుని వచ్చే ఒక అమ్మ చేతిలోకి. ఆ అమ్మ ఎవరు? బెంగళూరులో పౌరకార్మికుల గుంపు దగ్గరికి పోయి నిలబడండి, వాళ్లు ఏ భాషలో మాట్లాడుకుంటున్నారో వినండి. చాలాచోట్ల తెలుగే. రాయలసీమ నుంచి కరువుకు, కులానికి తట్టుకోలేక తాతల కాలంలో వచ్చినవాళ్లు. చెన్నైలోనూ పారిశుధ్య పనిలో తెలుగు దళిత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వాళ్లలో ఎంతోమంది ఆదివారం మన పక్కన కూర్చునేవాళ్లు. ఈ గదిలో కూర్చున్న మీలో కొందరి అమ్మలు, అమ్మమ్మలు.

ఆ అమ్మ డ్యూటీ దిగి మధ్యాహ్నం బస్సు ఎక్కుతుంది. ఒంటి మీద పనిచేసే చోటి కోటు ఉంటుంది, లేదా మడిచి సంచిలో పెట్టుకుని ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుంటుంది. బస్సు నిండుతుంది. ఆమె పక్క సీటు మాత్రం ఖాళీగా ఉంటుంది. ఒకాయన చూస్తాడు, నిలబడతాడు. ఒకావిడ కూర్చోబోయి, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కు పోతుంది. నిలబడే చోటు కూడా లేకుండా నిండిన బస్సులో ఒక్క సీటు ఖాళీ. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ తిట్టలేదు. కేసు పెట్టడానికి ఏమీ లేదు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది.

మేము ఎన్నో సభల్లో కులం గురించి మాట్లాడాం. ఆ ఖాళీ సీటు కంటే బాగా చెప్పిన వక్తను మేము చూడలేదు.

ఇది ఈనాటిది కాదు. 1901లో సతారా నుంచి తండ్రిని చూడటానికి బయలుదేరిన పిల్లలు మసూర్ స్టేషనులో దిగారు. మంచి బట్టలు వేసుకున్నారు, చేతిలో డబ్బుంది. మహర్లని తెలియగానే ఒక్క బండివాడు కూడా ఎక్కించుకోనన్నాడు. చివరికి రెండింతలు బాడుగ ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు. బండి తోలింది మాత్రం పిల్లలే, బండివాడు పక్కన నడిచాడు. రాత్రంతా వాళ్లకు తాగడానికి నీళ్లు దొరకలేదు. ఆ పిల్లల్లో ఒకరు తర్వాత ఈ దేశ రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షులయ్యారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో అంబేడ్కర్ తానే రాసుకున్న సంగతి ఇది. పల్లె బండి పోయింది, టౌన్ బస్సు వచ్చింది. పక్కన కూర్చోకూడదనే పట్టుదల బండి దిగి బస్సు ఎక్కింది.

1997లో తమిళనాడులో ఒక కొత్త రవాణా సంస్థకు వీరన్ సుందరలింగం పేరు పెట్టారు. ఆయన దళితుడు. ఆ పేరున్న బస్సు మేము ఎక్కమని కొందరు భీష్మించారు, దక్షిణ జిల్లాలు అల్లర్లతో తగలబడ్డాయి. చివరికి ప్రభుత్వం జిల్లాలకు, రవాణా సంస్థలకు ఉన్న నాయకుల పేర్లన్నీ తీసేసింది. మనిషి పక్కన కూర్చోవడం అటుంచి, బస్సు మీద పేరునే భరించలేకపోయారు. ఆ ఏడాదే జూన్ 30న మదురై జిల్లా మేలవళవులో, ఎన్నికైన దళిత పంచాయతీ అధ్యక్షుడు మురుగేశన్‌ను, ఆయనతో ఉన్న ఐదుగురిని, పట్టపగలు బస్సును ఆపి నరికి చంపారు. ఖాళీ సీటుకు, ఆ హత్యలకు చాలా దూరం ఉందని మీకు అనిపించవచ్చు. ఒకే రోడ్డు మీద రెండు స్టాపులు అని మేమంటాం.

ఇటీవలి సంగతులు కూడా చూడండి. 2021 డిసెంబరులో కన్యాకుమారి జిల్లా కొళచ్చెల్‌లో చేపలమ్ముకుని ఇంటికి పోయే ఒక ముసలమ్మను వాసన వస్తోందని బస్సు దింపేశారు. ఆమె బస్టాండులో నిలబడి అందరినీ అడిగింది, ఇది న్యాయమా అని. ఆ వీడియో వల్ల సిబ్బంది సస్పెండ్ అయ్యారు. 2024 ఫిబ్రవరిలో బెంగళూరు రాజాజీనగర్ మెట్రో స్టేషనులో, తల మీద మూట, మాసిన బట్టలు ఉన్న ఒక రైతును టికెట్ ఉన్నా లోపలికి పోనివ్వలేదు. అప్పుడు ఒక మామూలు ప్రయాణికుడు ఆగి, ఏ నిబంధన ప్రకారం ఆపుతున్నారని అడిగాడు. సమాధానం లేదు. రైతును తీసుకుని లోపలికి వెళ్లాడు. తర్వాత ఆ భద్రతా సిబ్బంది మీద చర్య తీసుకున్నారు. ఆ ప్రయాణికుడి మతం ఏమిటో, కులం ఏమిటో మాకు అక్కర్లేదు. ఆగాడు, అది చాలు.

యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఇంటికి వెళ్లాక చదవండి. సమాజమందిరంలోకి ఇద్దరు వస్తారు, ఒకరికి ఉంగరం ఉంది, ఒకరి బట్టలు మాసి ఉన్నాయి. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారన్నదే అక్కడి ప్రశ్న. అపొస్తలుడు సిద్ధాంతం గురించి అంత గట్టిగా మందలించలేదు, సీటు గురించి మందలించాడు. అంటే సీటు చిన్న విషయం కాదు.

1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ సీటు నుంచి లేవనన్న సంగతి మీకందరికీ తెలుసు. అందులో ఒక చిన్న వివరం ఎక్కువమందికి తెలియదు. ఆ రోజు నిలబడి ఉన్న తెల్లవాడు ఒక్కడే. ఆ ఒక్కడి కోసం ఆ వరుసలో కూర్చున్న నలుగురు నల్లవాళ్లనూ లేవమన్నాడు డ్రైవరు. ఎందుకంటే ఒకే వరుసలో వాళ్లతో కలిసి కూర్చోవడం కుదరదట. ముగ్గురు లేచారు, ఆమె లేవలేదు. మన బస్సులో చట్టం అలా లేదు. అయినా వరుస ఖాళీగానే ఉంటోంది. అక్కడి నల్లవారు 381 రోజులు ఆ బస్సులు ఎక్కకుండా నడిచారు, ఉన్న కార్లు పంచుకున్నారు. ఆ ఉద్యమం సభలు జరిగింది చర్చిల్లో. నడిచి నడిచి కాళ్లు వాచిన పనివాళ్లు ఆ చర్చిల్లోనే వచ్చి కూర్చున్నారు.

మీరు ఏం చేయాలని అడుగుతారని మాకు తెలుసు. ఆ సీటు కనిపిస్తే వెళ్లి కూర్చోండి, అంతే. దయ చూపిస్తున్నట్లు కాదు, ఫోటో తీసుకోవడానికి కాదు. బస్సులో సీటు ఖాళీగా ఉంటే మనిషి ఎలా కూర్చుంటాడో అలా. ‘‘ఎక్కడ దిగుతావు అమ్మా?’’ అని అడగండి. తెలుగులో అడిగితే ఆమె ముఖం ఎలా మారుతుందో చూడండి. మా సంఘంలో ఒక డిగ్రీ చదివే అమ్మాయి అలా అడిగింది. వాళ్ల మాటల్లోనే తెలిసిన సంగతి ఇది: మా వైపు నుంచి పనికి వెళ్లే పౌరకార్మికులకు తెల్లవారుజామున మొదటి బస్సు వాళ్లు హాజరు వేయించుకునే వేళకు చేరదు. ఆలస్యమైతే ఆ పూట కూలి పోతుంది. అందుకని పదిమంది కలిసి ఆటో మాట్లాడుకుంటున్నారు. ఫ్రీ బస్సు ఉండి కూడా నెలకు కొన్ని వందలు ఆటోకు కడుతున్నారు. ఎన్ని ఏళ్లుగా మా సంఘంలో ప్రార్థన చేస్తున్నారో వాళ్లు, ఈ సంగతి ఆ బస్సు సీటులో కూర్చున్న అమ్మాయికి తెలిసింది.

ఆ మొదటి బస్సును అరగంట ముందుకు జరపమని డిపో మేనేజరుకు అర్జీ రాశాం. కన్నడంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. పౌరకార్మికులు ఇప్పటికే సంతకాలు, వేలిముద్రలు వేశారు. ఇప్పుడు మిగతా ప్రయాణికుల సంతకాలు కావాలి, అది వాళ్ల ఒక్కరి బస్సు కాదు కదా. కాగితాలు టీ పెట్టిన బల్ల పక్కనే ఉన్నాయి. మీరు ఎక్కే స్టాపు పేరు, బస్సు నంబరు కూడా రాయండి, డిపోలో అవే అడుగుతారు. మంగళవారం పొద్దున పది గంటలకు అర్జీ ఇవ్వడానికి వెళ్తున్నాం. రాగలిగినవాళ్లు ఆ పక్కనున్న నోటు పుస్తకంలో పేరు రాసి వెళ్లండి. అందరం బస్సులోనే వెళ్తాం.